పోస్టులో పుస్తకాలు అద్దెకు తెచ్చుకుంటే గిట్టుబాటవుతుందా? లెక్క వేసుకోవడం ఎలా?

నెలకు ఇంత కడితే పుస్తకాలు ఇంటికే పంపిస్తాం, చదివాక తిరిగి పంపండి అనే మాట వింటే చదివే అలవాటున్న ఎవరికైనా ఆశ పుడుతుంది. మా ఊళ్లో అద్దె పుస్తకాల కొట్టు మూతబడి చాలా ఏళ్లయింది. అక్కడైతే సాయంత్రం తెచ్చిన నవల మర్నాడే ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. పోస్టులో ఆ వీలు లేదు. మన డబ్బులో చాలావరకు దారిలో గడిచే రోజులకే పోతుంది. అందుకే చందా కట్టేముందు ఒక కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి.

ముందుగా, పోయిన ఆరు నెలల్లో మీరు పూర్తిగా చదివిన పుస్తకాల పేర్లు రాయండి. కొన్నవి కాదు, చివరి పేజీ దాకా చదివినవి మాత్రమే. నెలకు ఒకటి కూడా రాకపోతే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు, చందా మీకు దండగ.

తర్వాత రోజులు లెక్కపెట్టండి. నెలకు 400 రూపాయలు, ఒక్కసారికి రెండు పుస్తకాలు అనుకుందాం. పార్సిల్ రావడానికి 4 రోజులు. ఉద్యోగం, ఇంటి పని చూసుకుంటూ రెండూ చదవడానికి 14 రోజులు. తిరిగి వెళ్లడానికి 4, వాళ్లు చూసుకుని తర్వాతవి పంపడానికి 2. మొత్తం 24 రోజులు. అంటే నెలకు సగటున రెండున్నర పుస్తకాలు. ఒక్కోటి 160 రూపాయలు పడింది. 'ఎన్నయినా చదువుకోండి' అని రాసి ఉన్నా మీ చేతికి వచ్చేది ఇంతే.

తిరుగు పోస్టు ఖర్చు ఎవరిదో తప్పకుండా అడగండి. మీదే అయితే వంటింటి త్రాసు మీద మీ దగ్గరున్న పుస్తకం ఒకటి పెట్టి చూడండి, బరువు ఎంత ఉంటుందో తెలుస్తుంది. తపాలా శాఖ 2025 మే 1న పుస్తకాల కోసం 'జ్ఞాన్ పోస్ట్' మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. చవకే, కానీ రోడ్డు మార్గంలో వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. మీ పుస్తకాలు అందులో తీసుకుంటారో లేదో కౌంటర్లో ముందే కనుక్కోండి.

ఇప్పుడు ఆ 160 పక్కన కొనే ధర రాయండి. మామూలు తెలుగు నవల కొత్తదే 150, 200లకు దొరుకుతుంది, పైగా ఇంట్లో ఉండిపోతుంది. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు ఇంకా తక్కువకే వస్తాయి. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే కొద్దిపాటి డిపాజిట్‌తో సరిపోతుంది. అందుకే తెలుగు నవలల కోసం పోస్టు అద్దె వద్దనే నేను చెబుతాను. పోటీ పరీక్షల గైడ్లు కూడా వద్దు. గీతలు గీసుకోకుండా, మళ్లీ మళ్లీ తిప్పకుండా వాటిని చదవలేం.

మరి ఎవరికి లాభం? చిన్న పిల్లలున్న ఇంటికి. గట్టి అట్ట బొమ్మల పుస్తకం 300 పెట్టి కొంటే, మా అమ్మాయి వారం రోజులు పొద్దున్నా రాత్రీ అదే చదివించుకుంది. తర్వాత దాని ముఖం చూడలేదు. అలాంటివి అద్దెకే తేవాలి. 800 దాటిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కసారి చదివి వదిలేసేవాళ్లకూ, పుస్తకాల షాపు లేని ఊళ్లో ఉన్నవాళ్లకూ కూడా గిట్టుబాటవుతుంది.

లెక్క కుదిరి చేరాలనుకుంటే పార్సిల్ విప్పేటప్పుడు జాగ్రత్త పడండి. ఒకసారి వానాకాలంలో నాకు వచ్చిన పుస్తకం కింది మూల తడిసి ఉబ్బిపోయి ఉంది, పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. దారిలోనే తడిసిందని ఎంత చెప్పినా అద్దెకిచ్చినవాళ్లు వినకుండా, చేరేటప్పుడు నేను కట్టిన డిపాజిట్‌లో కోసుకున్నారు. నా దగ్గర రుజువు లేదు మరి. అప్పటినుంచి టేపు కోసేముందు కవరు ఫొటో, విప్పగానే అట్ట, వెన్ను, మూలల ఫొటోలు తీసి అదే రోజు వాళ్లకు పంపిస్తున్నాను. మళ్లీ ఆ టెన్షన్ రాలేదు. తిరిగి పంపేటప్పుడు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి.

డిస్కౌంటు ఇస్తామన్నా ఏడాది చందా ఒకేసారి కట్టకండి. సెలవులు లేని మామూలు నెల ఒకటి చూసుకుని దానికి మాత్రమే కట్టండి. పార్సిల్ వచ్చిన రోజు, పంపిన రోజు క్యాలెండర్ మీద రాయండి. నెలాఖరున పోస్టు ఖర్చుతో సహా పెట్టిందంతా కలిపి, చదివిన పుస్తకాల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకె ఆ పుస్తకాల ధరలో మూడో వంతు దాటితే మానేయండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో మాత్రం చేరకముందే రాతపూర్వకంగా తీసుకుని ఉంచుకోండి.