మీకు ఎలాంటి దేశం కావాలని పిల్లల్ని అడగాలంటే

నవంబరు 14 వస్తోందంటే బడుల్లో వ్యాసరచన పోటీ పెడతాం. 'నేను కలలుగనే దేశం' అని బోర్డు మీద రాయగానే పిల్లలు అవినీతి, నిరుద్యోగం, పేదరికం అని గైడులో బట్టీపట్టిందే రాసిస్తారు, అందులో వాళ్ల మాట ఒక్కటీ ఉండదు. అనంతపురం పల్లెబడిలో పాఠాలు చెప్తూ నేను మార్చుకున్న పద్ధతి ఇది. రెండు పీరియడ్లు చాలు.

ముందు దేశం మాటే ఎత్తకండి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం జరిగిందో చెప్పమనండి, అందులో ఏది మారితే బాగుండేదో ఒక్కటి బొమ్మ గీయమనండి. కాగితం మీద పేరు వద్దు, మార్కులు అసలే వద్దు. మార్కులున్నాయంటే మళ్లీ మనకు నచ్చేదే గీస్తారు.

గీస్తున్నప్పుడు పక్కన కూర్చుని అడగండి. ఆరో తరగతి పాప ఒకసారి బస్సు గీసింది, దానికి ఒకే కిటికీ, అందులో ఎర్ర చీర. ఇదేంటమ్మా అంటే "బెంగళూరు బస్సు సార్, మాయమ్మ దిగుతా ఉంది" అంది. ఉన్న ఊర్లోనే కూలి పని దొరికే దేశం కావాలని అంత సూటిగా నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు. ఇక వాన కావాలని సగం మంది గీస్తారు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో, చెనిక్కాయ చేలు ఎండిపోవడం చూస్తూ పెరిగే పిల్లలు కదా. అది మన చేతుల్లో లేదులే అని కొట్టెయ్యొద్దు. పడిన వాన ఎటు పోతోంది, మన చెరువు ఎందుకు నిండలేదు అని అడగండి, కాలువకు అడ్డం పెరిగిన కంప సంగతి వాళ్లే చెప్తారు.

ఆ తర్వాతే సాంఘికశాస్త్రం పుస్తకంలో రాజ్యాంగ ప్రవేశిక తీయండి. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడకు నాలుగు అట్టలు అంటించి, ఏ బొమ్మ దేని కింద పెట్టాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. గట్టిగా వాదించుకుంటారు, మధ్యలో దూరకండి. "మా అక్క మళ్లీ బడికి రావాలి" అని ఎవరైనా గీస్తే మాత్రం ఆగి చెప్పండి: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు రాజ్యాంగం 21ఎ అధికరణలో రాసిన హక్కు, ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు. ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లండి.

చివర్లో ఊళ్లో అయ్యే పని ఒకటి ఎంచుకుని సర్పంచ్‌కు ఉత్తరం రాయించండి. భాష దిద్దకండి, తప్పులుంటే ఉండనీ. కింద అందరూ సంతకం పెట్టాలి, రెండో తరగతి వాడు పేరు రాయడానికి ఐదు నిమిషాలు పట్టినా ఆగండి.