హిందీ క్రైమ్ థ్రిల్లర్లు సబ్‌టైటిల్స్ లేకుండా, 6వ పాఠం: తలాషీ సీన్

పోయిన పాఠంలో పోలీసులు స్టేషన్లో కూర్చుని రోజ్‌నామ్చా, అంటే స్టేషన్ డైరీ, రాస్తుండగా ఆగాం. ఈసారి బయల్దేరతారు. డ్రగ్స్ కథల్లో మనమంతా టెన్షన్‌గా చూసే సీన్ ఇదే. చెవికి కష్టమైనదీ ఇదే. నలుగురు ఒకేసారి గొంతు తగ్గించి మాట్లాడతారు.

మొదట ఒక మాట. “సౌదా హో గయా” అని ఎవరైనా అంటే మన చెవికి ‘సోదా అయిపోయింది’ అని తగులుతుంది. నేను హిందీ నేర్చుకునే రోజుల్లో అలాగే విన్నాను. పోలీసులు వెతికి వెళ్లిపోయారనుకుని మిగతా సీనంతా తప్పుగా అర్థం చేసుకున్నాను. సౌదా అంటే బేరం. అక్కడ సరుకు చేతులు మారిందన్న మాట! మన సోదాకి హిందీలో తలాషీ. ఈ రెండూ ఇవాళ నోటికి పట్టేయాలి.

ఇలా మోసం చేసే మాటలు ఇంకా ఉన్నాయి. ‘తస్కరీ’ వినగానే మనకు దొంగతనం గుర్తొస్తుంది, తస్కరించడం అంటాం కదా. హిందీలో అది స్మగ్లింగ్. “అఫీమ్ కీ తస్కరీ” అంటే నల్లమందును దొంగచాటుగా తరలించడం. ‘ముద్దయీ’ ఇంకా ప్రమాదం. మనకు ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు, హిందీలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. “ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్” అని వాళ్లకో సామెత ఉంది. కేసు పెట్టినవాడు చల్లబడ్డాడు, సాక్షి మాత్రం హుషారుగా ఉన్నాడు అని. మన ముద్దాయిని వాళ్లు ముల్జిమ్ అంటారు. నేరం రుజువైతే ముజ్రిమ్. మంచి రచయిత ఈ రెండింటినీ కలిపేయడు. ఏ పాత్ర ఏ మాట వాడిందో గమనిస్తే, ఆ పోలీసు మనసులో తీర్పు ముందే అయిపోయిందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు సీన్. పైకి రెండుసార్లు చదవండి.

“ముఖ్‌బిర్ సే ఇత్తిలా మిలీ హై సర్, ఆజ్ రాత్ ఖేప్ ఉతరేగీ.”

“తుమ్హారీ తలాషీ లేనీ హై. చాహో తో మజిస్ట్రేట్ యా రాజ్‌పత్రిత్ అధికారీ కే సామ్నే హో సక్తీ హై. యే తుమ్హారా హక్ హై.”

“ముల్జిమ్ కీ జేబ్ సే దో సౌ సాఠ్ గ్రామ్ హెరోయిన్ బరామద్ హుయీ.”

ముఖ్‌బిర్ అంటే పోలీసులకు సమాచారం ఇచ్చేవాడు. ముంబై కథ అయితే ఖబ్రీ అంటారు. ఇత్తిలా సమాచారం, ఖేప్ ఒక విడత సరుకు, దో సౌ సాఠ్ 260, బరామద్ అంటే దొరికింది అని.

రెండో వాక్యం దగ్గర నిలబడండి. రాజ్‌పత్రిత్ అధికారీ అంటే గెజిటెడ్ ఆఫీసర్. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒంటిమీద వెతికే ముందు మేజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఎదుటే సోదా జరగాలని కోరే హక్కు ఆ మనిషికి ఉందని చెప్పి తీరాలి. చెప్పకుండా వెతికితే, ఆ సోదాలో దొరికిన సరుకొక్కటే ఆధారమైన శిక్ష నిలవదని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చేతిలో ఉన్న సంచీకి మాత్రం ఈ సెక్షన్ వర్తించదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ‘జేబ్ సే’ (జేబులోంచి) అన్నారా ‘థైలే సే’ (సంచీలోంచి) అన్నారా అని చెవి రిక్కించి వినాలి. తర్వాత కోర్టు సీన్లో లాయరు పట్టుకునేది ఆ ఒక్క ముక్కనే.

ఇక అంకెలు. మనవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. హెరోయిన్ 250 గ్రాములు దాటితే చట్టం దాన్ని వ్యాపార పరిమాణం అంటుంది. కనీసం పదేళ్ల జైలు, బెయిలు చాలా కష్టం. చరస్‌కి (గంజాయి మొక్క జిగురుకి) ఆ గీత కిలో దగ్గర, గంజాయికి 20 కిలోల దగ్గర. హిందీవాళ్లు 250ని ‘దో సౌ పచాస్’ అనడం తక్కువ, ‘ఢాయీ సౌ’ అంటారు. ఢాయీ రెండున్నర, డేఢ్ ఒకటిన్నర. సవా అంటే పావు ఎక్కువ, పౌనే అంటే పావు తక్కువ. ‘సవా కిలో’ 1,250 గ్రాములు, ‘పౌనే దో కిలో’ 1,750. ఒట్టి ‘పౌన్ కిలో’ 750.

ఇంటిపని: మీ దగ్గరున్న ఏదైనా సిరీస్‌లో తలాషీ సీన్ ఒకటి, నాలుగు నిమిషాలు, సబ్‌టైటిల్స్ ఆపి చూడండి. విన్న ప్రతి అంకెనూ తెలుగులో రాసుకోండి. తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టి సరిచూడండి. కింది రెండు వాక్యాల్లో ఏ ముల్జిమ్‌కి బెయిలు కష్టమో కూడా రాయండి.

“ఉస్కే థైలే సే పౌన్ కిలో చరస్ నిక్‌లీ.”

“ఇస్కే థైలే సే సవా కిలో చరస్ నిక్‌లీ.”

జవాబు వచ్చే పాఠంలో. అప్పటికి సరుకు మాల్‌ఖానాకి, అంటే పట్టుకున్న వస్తువులు దాచే గదికి, చేరి ఉంటుంది.