ఆన్‌లైన్ దుకాణం, కొనుగోలుదారుల డేటా: సమస్య - పరిష్కారం

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. చీరలో పచ్చళ్లో అమ్ముకునే చిన్న సైటు కూడా వీటి పరిధిలోకి వస్తుంది. ఫిర్యాదు రాగానే చాలామంది ప్రైవసీ పాలసీ పేజీని తిరగరాయించడానికి పరుగెడతారు. నేను చూసినంతలో లోపం ఎక్కువగా ఆర్డరు ఫారంలోనే ఉంటుంది.

సమస్య: “చీర కొన్నది ఒక్కసారి, ఆఫర్ల మెసేజీలు మాత్రం రోజూ వస్తున్నాయి.”

కారణం: చెల్లింపు పేజీ అడుగున “ఆఫర్లు పంపండి” అనే గడిలో ముందుగానే టిక్ పెట్టి ఉంటుంది. సమ్మతి అనేది కొనుగోలుదారు స్వేచ్ఛగా, ఏ పనికో తెలిసి, తన చేతితో స్పష్టంగా ఇచ్చేదై ఉండాలని చట్టం చెబుతోంది కనుక, ఎవరో ముందే పెట్టిన టిక్ సమ్మతి కాదు.

పరిష్కారం: ఆ గడిని ఖాళీగా ఉంచండి. ఫోన్ నంబరు అడిగే చోటే “పార్సిల్ చేర్చడానికి మాత్రమే వాడతాము” అని రాయండి. ఏ వివరం ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పే ఇలాంటి నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగూ ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి; ఒక్క నొక్కుతో చేరిన మనిషిని, మానుకోవడానికి మెయిల్ రాయమనడం కుదరదు. పనిలో పనిగా మిగతా గడులూ చూడండి. ఒక చీరల సైటులో పుట్టినతేదీ తప్పనిసరి గడిగా కనిపించింది. ఎందుకని అడిగితే, కొన్న టెంప్లేటులోనే అది ఉందన్నారు. అవసరం లేని గడిని తీసివేయడమే మేలు, అడగని వివరాన్ని కాపాడే పని ఉండదు.

సమస్య: “నా వివరాలు తొలగించమన్నాను, ఇంకా ఫోన్లు వస్తున్నాయి.”

కారణం: సైటులో తొలగించారు, కానీ ప్యాకింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులోని చిరునామా ఫొటో, కొరియర్ వాళ్లకు పంపిన ఎక్సెల్ షీటు, పాత సిబ్బంది ఫోను ఎవరికీ గుర్తులేవు.

పరిష్కారం: ఒక ఆర్డరును పట్టుకుని, ఆ నంబరు ఎక్కడెక్కడికి వెళ్లిందో వరుసగా రాయండి. ప్రచార వాడకం ఆ రోజే ఆపండి. అయితే అన్నీ ఒకేసారి చెరపకూడదు: లాగ్‌లను (డేటాను ఎవరు, ఎప్పుడు వాడారో సైటు నమోదు చేసే చిట్టాలను), సంబంధిత డేటాను కనీసం ఏడాది ఉంచాలని ఈ చట్టం నియమాలు చెబుతున్నాయి, ఇన్‌వాయిస్‌లను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. ఏది ఎందుకు ఉంచుతున్నారో కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలపండి.

సమస్య: ఆర్డర్ల షీటు బయటివాళ్ల చేతికి చిక్కింది.

కారణం: “లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు” అనే సెట్టింగు. జారవిడిచింది కొరియర్ సంస్థే అయినా బాధ్యత మీదే. తగిన భద్రత లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

పరిష్కారం: ముందు లింకు మూసివేయండి. బాధితులకు, ఈ చట్టం కింద ఏర్పాటైన డేటా పరిరక్షణ బోర్డుకు ఆలస్యం లేకుండా తెలియజేయండి. బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో అందాలి. ఈ గంటల లెక్క, డేటా బయటపడిన సంగతి మీకు తెలిసినప్పటి నుంచి మొదలవుతుంది కాబట్టి, ఆ తేదీని, గంటను వెంటనే రాసిపెట్టుకోండి.