రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ విమానం కూలిందా? జిగురు తీసే ముందు ఇవి చూసుకోండి

విమానం నేలకు గుద్దుకుంటే మన కళ్ళు ముందు విరిగిన రెక్క మీదే పడతాయి, కానీ రెండోసారి కూల్చేది చాలాసార్లు కంటికి కనపడని దెబ్బే. అందుకే జిగురు కన్నా ముందు బ్యాటరీ. లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) తీసి చూడండి, ఉబ్బినా, మూల నొక్కుకుపోయినా, తీపి వాసన వచ్చినా మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. బాగానే ఉన్నట్టు కనిపించినా కాసేపు ఆరుబయట, మంట అంటుకునేవేవీ లేని చోట ఉంచి గమనించండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ముక్కు నలిగి ముడతలు పడింది

కారణం: ఫోమ్ గింజల్లోని గాలి అణిగిపోయింది, అంతే. ఫోమ్ చిరగకపోతే జిగురుతో పనే లేదు. ఈపీఓ (కాస్త సాగే రకం గింజల ఫోమ్) అయితే మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), రిసీవర్ (రిమోట్ సంకేతం అందుకునేది) అన్నీ తీసేసి, మరగబోతున్న నీళ్ళు నలిగిన చోట కొంచెం కొంచెంగా పోయండి. చూస్తుండగానే ముడతలు లోపలి నుంచి ఉబ్బి పైకి వస్తాయి, అది చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అయితే ఎక్కువసేపు పోస్తే గింజలు ఉబ్బిపోయి ఉపరితలం గరుకెక్కుతుంది, కాబట్టి కొన్ని సెకన్లు పోసి, ఆగి, వేళ్ళతో ఆకారం సరిచేసి, కావాలంటే మళ్ళీ పోయండి. పూర్తిగా ఆరాకే మోటారు బిగించండి.

రెక్క రెండుగా విరిగింది

విరిగిన అంచుల్ని గీకి నున్నగా చేయకండి. దగ్గరగా చూస్తే ఒక వైపు గింజలు పొడుచుకొచ్చి, రెండో వైపు సరిగ్గా వాటికి సరిపడే గుంటలు కనిపిస్తాయి, అవే మీకు కొలత. ముందు జిగురు లేకుండా కలిపి చూడండి, నలిగిన గింజ ఏదైనా అడ్డుపడితే దాన్ని మాత్రం తీసేయండి. తర్వాత ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పల్చగా రాసి, బల్ల మీద వంకర లేకుండా తిన్నగా ఆనించి, టేపుతో పట్టి ఉంచండి. లోపల కార్బన్ రాడ్ ఉంటే దాన్ని వేళ్ళతో మెల్లగా వంచి చూడండి, టిక్‌మన్నా నారలు లేచినా మార్చాల్సిందే, పైన ఎంత ఎపాక్సీ పోసినా ఆ బలం తిరిగి రాదు. మామూలు సూపర్ గ్లూ థర్మోకోల్ రకం ఫోమ్‌ను కరిగించేస్తుంది, కాబట్టి ముందు కనపడని మూలన ఒక చుక్క వేసి చూసుకోండి. గ్లూ గన్ మైదానంలో అక్కరకొస్తుంది కానీ బరువెక్కువ, మోటారు వేడికి మెత్తబడుతుంది కూడా.

సర్వో కటకటమంటోంది, మధ్యలో ఆగిపోతోంది

సర్వో అంటే రెక్క, తోకల మీది పలకల్ని కదిపే చిన్న మోటారు. దాని గేరు పన్ను విరిగి ఉండొచ్చు. ప్రొపెల్లర్ తీసేసి, రిమోట్ మీది స్టిక్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా కదిపితే ఎక్కడ జారుతోందో తెలిసిపోతుంది. గేర్లు మార్చండి, దొరకకపోతే సర్వోనే మార్చండి.

అతికించాక ఒక పక్కకే లాగుతోంది

కాస్త ఎత్తుకు తీసుకెళ్ళి, థ్రాటిల్ (మోటారు పవర్) తగ్గించి గాల్లో జారనివ్వండి. పవర్ ఇచ్చినప్పుడే లాగుతుంటే మోటారు కోణం మారింది, మౌంట్ వదులైందేమో చూసి, అవసరమైతే స్క్రూ కింద వాషర్ వేసి సరిచేయండి. పవర్ లేకపోయినా లాగుతుంటే రెక్క మెలితిరిగింది, లేదా ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) సమంగా లేవు. వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే మెలిక ఇట్టే కనపడుతుంది.

మోటారు వణుకుతోంది

ప్రొపెల్లర్ తీసి తిప్పండి. అప్పుడూ వణికితే షాఫ్ట్ వంగి ఉండొచ్చు. వణకకపోతే తప్పు ప్రొపెల్లర్‌ది కావచ్చు, దాన్ని షాఫ్ట్‌కు బిగించే అడాప్టర్‌ది కావచ్చు. చిన్న గాటు పడ్డ ప్రొపెల్లర్‌ను అతికించి వాడొద్దు, కొత్తది వేయండి.

ముక్కు పైకెత్తి, ఆగి, పడిపోతోంది

తోకలో పోసిన జిగురు బరువు చూసుకోండి. తోక పొడవు ఎక్కువ కాబట్టి అక్కడ చేరిన కొద్ది గ్రాములకే ముందు చాలా బరువు పెట్టాల్సి వస్తుంది. మాన్యువల్ చెప్పిన బ్యాలెన్స్ చోట రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తండి, మాన్యువల్ లేకపోతే వెనక్కి వాలని మామూలు తిన్నని రెక్కకు ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర మొదలుపెట్టవచ్చు. తోక కిందికి వాలితే ముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడండి, అదీ చాలకపోతేనే ముక్కులో బరువు పెట్టండి.