ఎర్ర రక్తకణాల పొర నుంచి స్ఫింగోమైలిన్‌ను వేరుచేసి కొలవడం

కణం పొరలోని ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫేట్ ఉన్న కొవ్వులు) చాలావరకు గ్లిసరాల్ మీద కట్టినవి. స్ఫింగోమైలిన్ కూడా ఫాస్ఫోలిపిడే, కానీ దానిది స్ఫింగోసిన్ అనే పొడవైన అమైనో ఆల్కహాల్ పునాది. అందులో కొవ్వు ఆమ్లం అతుక్కున్నది ఎస్టర్ బంధంతో కాదు, అమైడ్ బంధంతో. పలుచని క్షారం ఎస్టర్‌ను తెంచేస్తుంది, అమైడ్ జోలికి పోదు. కింద చెప్పే పనిలో సగం ఈ తేడా మీదే నడుస్తుంది.

మొదలుపెట్టడానికి ఎర్ర రక్తకణాలే మేలు. పరిణతి చెందిన కణంలో కేంద్రకం గానీ లోపలి పొరలు గానీ ఉండవు, కాబట్టి వచ్చే లిపిడ్ అంతా బయటి పొరదే. మనిషి కణాల్లో ఫాస్ఫోలిపిడ్లలో సుమారు పావు వంతు స్ఫింగోమైలిన్, అదీ ఎక్కువగా పొర వెలుపలి వరసలో. పక్కనే గొర్రె రక్తం కూడా నడపండి. అందులో స్ఫింగోమైలిన్ దాదాపు సగం, ఫాస్ఫాటిడైల్ కోలిన్ లేనట్టే. మాంసం దుకాణంలో దొరికే ఈ రక్తం ఖర్చు లేని కంట్రోల్ (పోల్చి చూసుకునే నమూనా): తర్వాత ప్లేటు మీద గొర్రె వరసలో ఫాస్ఫాటిడైల్ కోలిన్ పట్టీ ముదురుగా కనిపిస్తే మీరు పట్టీలను తారుమారు చేసి చదువుతున్నారు. (మైక్రోబయాలజీ వాళ్లు ఒక రకం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను గుర్తించే క్యాంప్ పరీక్షకు గొర్రె రక్తపు అగారే వాడేదీ అందుకే. ఆ పరీక్షలో వాడే స్టాఫ్ ఆరియస్ బాక్టీరియా బీటా టాక్సిన్ ఒక స్ఫింగోమైలినేజ్, అంటే స్ఫింగోమైలిన్‌ను తెంచే ఎంజైమ్.)

రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏలో తీసుకుని 4 డిగ్రీల దగ్గర 1500 జి (గురుత్వానికి 1500 రెట్లు) బలంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ప్లాస్మాను, దాని కింది తెల్ల పొరను లాగేసి, 0.9 శాతం సెలైన్‌తో మూడుసార్లు కడగండి. కడగకముందే నమూనాను ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలిపోతాయి, ఆపై ప్లాస్మాను విడదీయలేరు. ప్లాస్మాలో కొవ్వును మోసే ఎల్‌డీఎల్ కణికల్లో ఉన్న స్ఫింగోమైలిన్ కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

గాజు గొట్టంలో 1 మి.లీ. కణాలకు 1 మి.లీ. నీళ్లు కలిపి 15 నిమిషాలు ఉంచండి. తిప్పుతూ 11 మి.లీ. ఐసోప్రొపనాల్ కొద్దికొద్దిగా పోసి గంట ఆగండి. తర్వాత 7 మి.లీ. క్లోరోఫాం, ఇంకో గంట. ఈ వరస మార్చొద్దు. క్లోరోఫాం ముందు పడితే ప్రొటీన్ రబ్బరు ముద్దలా బిగుసుకుని లిపిడ్‌ను లోపలే పట్టుకుంటుంది. మిథనాల్ బదులు ఐసోప్రొపనాల్ ఎందుకంటే హిమోగ్లోబిన్‌లోని హీమ్ ఎర్ర రంగు తక్కువ దిగుతుంది. ప్లాస్టిక్ గొట్టాలు వద్దు, వాటిలోంచి కరిగి వచ్చేవి ప్లేటు మీద మచ్చలుగా తేలతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని నైట్రోజన్ కింద ఆరబెట్టండి. మొత్తం ఫాస్ఫోలిపిడ్ 4 మైక్రోమోల్ ప్రాంతంలో రావాలి.

అందులో పావు భాగాన్ని క్షారానికి కేటాయించండి. 1 మి.లీ. క్లోరోఫాంలో కరిగించి, 0.6 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న మిథనాల్ 1 మి.లీ. కలిపి, గది వేడిమిలో గంట ఉంచండి. ఆపై 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.6 మి.లీ., నీళ్లు 0.3 మి.లీ. పోస్తే ఆమ్లం క్షారానికి సరిపోతుంది, ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. స్ఫింగోమైలిన్ కింది క్లోరోఫాం పొరలో ఉంటుంది. క్లోరోఫాం, క్షారం కలిసిన గొట్టాన్ని అసిటోన్‌తో మాత్రం కడగొద్దు, చర్య ఉధృతంగా జరుగుతుంది.

ఇక లిపిడ్లను ఒకదాన్నుంచి ఒకటి విడదీయాలి (పలుచని పొర క్రొమటోగ్రఫీ). సిలికా ప్లేటును 110 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి వాడండి. ప్లేటును నడిపే ద్రావణం: క్లోరోఫాం, మిథనాల్, నీళ్లు 65:25:4 పాళ్లలో. క్షారం తగలని లిపిడ్ 200 నానోమోల్ ఒక వరసలో, క్షారం పెట్టినది పక్క వరసలో, ఒక వరస ఖాళీగా. పైనుంచి కిందికి కొలెస్ట్రాల్, ఇథనాలమిన్ లిపిడ్ (ఫాస్ఫాటిడైల్ ఇథనాలమిన్), కోలిన్ లిపిడ్ (ఫాస్ఫాటిడైల్ కోలిన్), స్ఫింగోమైలిన్ వస్తాయి. స్ఫింగోమైలిన్ తరచూ జంట పట్టీగా కనిపిస్తుంది: పైది 24 కార్బన్ల గొలుసున్నది, కిందిది 16 కార్బన్లది. మలినం అనుకుని ఒకదాన్ని వదిలేస్తే ఫలితం సగానికి పడిపోవచ్చు. క్షారం పెట్టిన వరసలో అమైన్లను చూపే నిన్‌హైడ్రిన్‌కు ఊదారంగు వస్తే అది ప్లాస్మలోజెన్ (ఒక గొలుసు ఎస్టర్ కాని బంధంతో అతుక్కున్న లిపిడ్) తునక, స్ఫింగోమైలిన్ కాదు.

పట్టీలు చూడటానికి అయోడిన్ ఆవిరి చాలు. సంతృప్త గొలుసులు ఎక్కువ కాబట్టి స్ఫింగోమైలిన్ పాలిపోయినట్టు కనిపిస్తుంది; రంగు చూసి పరిమాణం అంచనా వేయొద్దు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న స్ప్రే కొట్టారా, ఇక ఫాస్ఫరస్ కొలవడం కుదరదు.

పరిమాణాన్ని ఫాస్ఫరస్ ద్వారా కొలుస్తాం. పట్టీని గీకి, 70 శాతం పెర్‌క్లోరిక్ ఆమ్లం 0.65 మి.లీ.తో 180 డిగ్రీల దగ్గర పసుపు పోయేదాకా అరగంట వేడిచేయండి. ప్లేటును నడిపిన ద్రావణం పట్టీలోంచి పూర్తిగా ఆరకముందే ఈ ఆమ్లం పోస్తే పేలుతుంది. ఆ ఆమ్లానికి తగిన ఫ్యూమ్ హుడ్ లేకపోతే ఈ మెట్టు వద్దు. చల్లారాక నీళ్లు 3.3 మి.లీ., 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేట్ 0.5 మి.లీ., 10 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం 0.5 మి.లీ. కలిపి, మరిగే నీళ్లలో 5 నిమిషాలు పెట్టి, సిలికాను కిందికి దించి, 800 నానోమీటర్ల దగ్గర చదవండి. ఖాళీ వరసలో అంతే మేర గీకినది బ్లాంక్ (లిపిడ్ లేని పోలిక). అది నీలంగా వస్తే మొదట అనుమానించాల్సింది గొట్టాలు కడిగిన సబ్బుపొడిలోని ఫాస్ఫేట్‌ను. ఒక ఫాస్ఫరస్‌కు ఒక స్ఫింగోమైలిన్ లెక్క. శాతం మాత్రం క్షారం తగలని వరసలోని పట్టీల మొత్తం మీద కట్టండి.

ఈ అంకెతో ఏ జబ్బు తెలుస్తుంది? కొవ్వును మోసే లిపోప్రొటీన్లు కొన్ని తయారుకాని వారసత్వ జబ్బు ఎబీటాలిపోప్రొటీనీమియాలో కోలిన్ లిపిడ్ తగ్గి స్ఫింగోమైలిన్ పెరుగుతుంది, పొర బిరుసెక్కి కణాలు ముళ్లు తేలతాయి. కణాల్లో కొవ్వు పోగుపడే వారసత్వ జబ్బు నీమన్-పిక్ ఎ, బి రకాలను మాత్రం దీంతో నిర్ధారించకూడదు. వాటిలో లోపించే ఆమ్ల స్ఫింగోమైలినేజ్ లైసోజోముల్లోది (కణంలో వ్యర్థాలను జీర్ణం చేసే సంచులు), ఎర్ర కణంలో లైసోజోములే లేవు. పోగుపడేది ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలోని మాక్రోఫేజుల్లో (వ్యర్థాలను మింగే కణాలు). తెల్ల కణాల్లోనో, ఎండిన రక్తపు చుక్కలోనో ఎంజైమ్ కొలిచి, ఆ ఎంజైమ్‌కు చెందిన ఎస్ఎంపీడీ1 జన్యువు చదివించాలి. ఎంజైమ్ తెంచితే మెరిసే (ఫ్లోరసెన్స్ ఇచ్చే) కృత్రిమ పదార్థంతో కొలిస్తే కొన్ని మ్యుటేషన్లు ఉన్నవారికి కూడా నార్మల్ అని రావచ్చు, అందుకే మాస్ స్పెక్ట్రోమెట్రీ అడగండి. ఈ లోపానికి 2022లో ఓలిప్యుడేజ్ ఆల్ఫా అనే ఎంజైమ్ మందు అనుమతి పొందింది కాబట్టి తప్పుడు నార్మల్ అంటే చికిత్స చేజారినట్టే. సి రకానికి పేరొక్కటే ఉమ్మడి. అక్కడ దెబ్బతినేది ఎన్‌పీసీ1 లేదా ఎన్‌పీసీ2 జన్యువు, ఆగిపోయేది కొలెస్ట్రాల్ రవాణా.