లోన్ తీరాక కారు టైటిల్ పోయిందా? టెక్సస్‌లో మళ్లీ తెచ్చుకోవడం ఎలా?

కారు లోన్ కట్టేసి ఏళ్లయింది. తీరా అమ్ముదామని చూస్తే టైటిల్ కాగితం, అంటే కారు మీదేనని చెప్పే యాజమాన్య పత్రం, ఇంట్లో ఎక్కడా దొరకదు. కంగారు పడక్కర్లేదు, టెక్సస్ మోటారు వాహనాల శాఖ, అంటే డీఎంవీ, ధ్రువీకరించిన నకలు ఇస్తుంది. పోస్టులో అడిగితే 2 డాలర్లు, ఆఫీసుకు వెళ్తే 5.45 డాలర్లు. చిక్కల్లా ఒక్కటే: లోన్ తీరినా డీఎంవీ రికార్డులో బ్యాంకు పేరు లీన్‌హోల్డర్‌గా, అంటే అప్పు కింద కారు మీద హక్కు (లీన్) ఉన్నట్టుగా, అలాగే ఉండిపోవచ్చు.

టైటిల్ అసలు మీ చేతికి వచ్చిందా?

చాలా బ్యాంకులు టైటిల్‌ను ఎలక్ట్రానిక్ రూపంలోనే ఉంచుతాయి. లోన్ తీరి, బ్యాంకు లీన్ వదిలేశాకే డీఎంవీ కాగితం టైటిల్ ముద్రించి పోస్టులో పంపుతుంది. డబ్బు అందిన 10 పనిదినాల్లోగా బ్యాంకు లీన్ విడుదల చేయాలన్నది చట్టం. కాబట్టి ముందు బ్యాంకుకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: లీన్ ఏ తేదీన విడుదల చేశారు, టైటిల్ ఏ చిరునామాకు వెళ్లింది? మధ్యలో అపార్ట్‌మెంట్ మారి ఉంటే అది పాత ఇంటికే వెళ్లి ఉండవచ్చు.

లీన్ విడుదల పత్రం

రికార్డులో లీన్ ఇంకా కనిపిస్తుంటే ఈ పత్రం లేకుండా నకలు మీకివ్వరు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఇచ్చినా సరే, వీటీఆర్-266 ఫారం నింపి ఇచ్చినా సరే. అందులో కారు విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య), మీ పేరు, తేదీ, బ్యాంకు తరఫున అధీకృత సంతకం ఉండాలి. జిరాక్స్ పనికిరాదు. సంతకం చేసిన అసలు ప్రతులే రెండు అడిగి తీసుకోండి, రెండోదాని అవసరం కింద వస్తుంది. లోన్ ఇచ్చిన బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోతే కొత్త బ్యాంకును అడగాలి. దివాలా తీసి మూతపడితే బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీని అడగాలి.

వీటీఆర్-34 ఫారం

నకలు కోసం నింపాల్సిన దరఖాస్తు ఇదే, డీఎంవీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. విన్‌ను జ్ఞాపకం మీద రాయకండి. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద ఉన్న పలకను చూసి 17 అక్షరాలూ ఒక్కొక్కటిగా దించుకోండి. విన్‌లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఎప్పుడూ ఉండవు. గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా కనిపించేది ఒకటి.

మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, లైసెన్సులో మరోచోట ఉంటుంది. కారు కొన్నప్పుడు డీలరు ఇంకోలా రాసి ఉంటాడు. రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరు ఎలా ఉందో చూసి అలాగే రాయండి, గుర్తింపు కార్డుతో తేడా ఉంటే పంపేముందే డీఎంవీని అడగండి. కొట్టివేతలు, వైట్‌నర్ వద్దు. తప్పు పడితే కొత్త ఫారం తీసుకోండి.

ఎక్కడ ఇవ్వాలి?

ఫారం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు నకలు, లీన్ విడుదల పత్రం, ఫీజు చెక్కు కలిపి ఫారం మీద ఉన్న చిరునామాకు పంపండి. కవరులో నగదు పెట్టొద్దు. తొందరగా కావాలంటే డీఎంవీ రీజనల్ సర్వీస్ సెంటర్‌కు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. మూడున్నర డాలర్లు ఎక్కువైనా, కారు కొనేవాళ్లు ఎదురుచూస్తున్నప్పుడు ఇదే మేలు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయినవాళ్లు వీటీఆర్-271 ఫారంతో ఇక్కడి స్నేహితులకు అధికారం ఇవ్వవచ్చు.

లీన్ పేరు తొలగించడం

నకలు రాగానే పని అయిపోయిందనుకోకండి, దాని మీద పాత లీన్ ఉందేమో చూడండి. ఉంటే నకలు, విడుదల పత్రం రెండో ప్రతి, 130-యూ ఫారం (కొత్త టైటిల్ దరఖాస్తు) తీసుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లాలి. కౌంటీని బట్టి ఫీజు 28 లేదా 33 డాలర్లు. అమ్మేముందే ఇది చేయించుకోవడం మంచిది. బ్యాంకు పేరున్న టైటిల్ చూస్తే కొనేవాళ్లు వెనకాడతారు.

తర్వాత ఏ పుస్తకాల అట్టపెట్టెలోనో పాత టైటిల్ దొరికితే దాంతో కారు అమ్మకండి. నకలు జారీ అయ్యాక అది చెల్లదు, డీఎంవీకి తిరిగి ఇచ్చేయాలి.