దారి వెతికే పిల్లల చూపును ఐ ట్రాకర్‌తో పట్టుకోవడం ఎలా?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు దారిని ఎలా గుర్తుపెట్టుకుంటారో చూడటానికి నేను ఐ ట్రాకర్ వాడతాను. "ఎటు వెళ్దాం నాన్నా?" అంటే నోటితో చెప్పలేని పిల్లవాడు కూడా ఒక్కోసారి మలుపు రాకముందే అటు చూస్తాడు. ఆ చూపే నాకు కావాలి.

ట్రాకర్ కంటి మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, కంటిపాపను, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మెరిసే చుక్కను బట్టి చూపు ఎక్కడుందో లెక్కగడుతుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కర్టెన్లు వేసేయండి. తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టి, పాదాల కింద పీట వేయండి. కాళ్లు వేలాడుతుంటే ఒళ్లు నిలకడగా ఉండదు.

ఒకసారి ఓ పాపకు ఎంతకీ కాలిబ్రేషన్ (తెర మీద చుక్కలు చూపించి మెషీన్‌ను ఆ కంటికి సరిచేయడం) కుదరలేదు. మెషీన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, వాళ్లమ్మ దిట్టంగా కాటుక పెట్టి తెచ్చింది! ఆ నలుపునే మెషీన్ కంటిపాప అనుకుంటోంది. ఆవిడనడిగి తడిగుడ్డతో తుడిచాం, వెంటనే కుదిరింది. పరీక్ష అయ్యాక మళ్లీ కాటుక పెట్టేదాకా పాప కుర్చీ దిగలేదు. అప్పటి నుంచి ముందే ఫోన్ చేసి చెబుతున్నాను.

కాలిబ్రేషన్‌కు 9 చుక్కలకు బదులు 5 చాలు. చుక్క స్థానంలో చప్పుడు చేసే బొమ్మ పెట్టండి. ఈ పిల్లల్లో మెల్లకన్ను ఎక్కువ. అలాంటప్పుడు ఒక కన్నునే ట్రాక్ చేసి, ఏ కన్నో రాసుకోండి.

పిల్లలు దారి వెతికేది తెర మీదే: ఇటుక గోడల సందులు, ఆరు మలుపులు. మలుపు దగ్గర గొడుగు, నడిదారిలో సైకిలు. 60 సెంటీమీటర్ల దూరంలో ట్రాకర్ లెక్క 1 డిగ్రీ తప్పితే తెర మీద సుమారు 1 సెంటీమీటరు. అందుకే బొమ్మలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి. గొడుగును తేరిపార చూసి కూడా తప్పు సందులోకి వెళ్లే పిల్లలున్నారు. చూపును, ఎంచుకున్న దారిని పక్కపక్కన పెట్టి చదవండి. తర్వాత గొడుగు తీసేసి మళ్లీ నడిపించండి. ఇంతకుముందు సరిగ్గా తిరిగిన మలుపులో ఇప్పుడు తడబడితే, బహుశా గొడుగునే ఆనవాలుగా పెట్టుకున్నట్టు.

అదే వయసు మామూలు పిల్లలతో మాత్రమే పోల్చకండి, అది అన్యాయం. మాటలతో పని లేకుండా బొమ్మలతో ఆలోచనను కొలిచే రావెన్స్ పరీక్షలో అంతే స్కోరు వచ్చిన చిన్నపిల్లలను కూడా తీసుకోండి. విలియమ్స్ సిండ్రోమ్ (ఇంకో అరుదైన జన్యు సమస్య) పిల్లలను ఇందులో కలపకండి. వాళ్లకు మాటలు బాగా వస్తాయి, బ్లాకులు పేర్చడం మాత్రం చాలా కష్టం.

అమ్మానాన్నలు సంతకం పెట్టినా, పిల్లవాడు మొహం తిప్పుకుంటే ఆ రోజుకు ఆపేయండి. డేటాలో ఖాళీ కనిపించిన చోట "చూడలేదు" అని రాయకండి. "మెషీన్‌కు అందలేదు" అని రాయండి.